సవరణ: శాట్ అక్కర్లేదన్న మాట గురించి

అమెరికాలో పేరున్న యూనివర్సిటీల్లో డిగ్రీకి శాట్ (అక్కడి కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) అక్కర్లేదని పోయిన వారం రాశాను. అది తప్పు. కోవిడ్ నాటి సడలింపు ఇంకా ఉందనుకున్నాను. ఎంఐటీ 2022లోనే శాట్ లేదా అలాంటిదే అయిన ఏసీటీ పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసింది. ఇంటర్‌లో 980 వచ్చినా అక్కడ స్కోరు పంపాల్సిందే. 2024లో హార్వర్డ్, బ్రౌన్, కాల్‌టెక్ కూడా అదే దారి పట్టాయి. యేల్ మాత్రం అప్పుడు శాట్ బదులు ఏపీ, ఐబీ స్కోర్లయినా సరేనంది. (ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు! ఐబీ అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్.)

బర్క్‌లీ సహా కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లకి శాట్ అక్కర్లేదని రాసింది మాత్రం సరైనదే. అడ్మిషన్‌కి స్కోరు పంపినా వాళ్లు చూడరు.

నా మాట నమ్మి శాట్‌కి ఫీజు కట్టకుండా ఆగినవాళ్లకు సారీ. తర్వాతి తేదీకి వెంటనే రిజిస్టర్ చేసుకోండి.