మౌంట్ రోడ్డులో మా కొట్టు

(నెల్లూరులో ఒక డాబా ఇల్లు. ఆదివారం, పొద్దున పదకొండు. రామలింగంగారు రిటైరైన లెక్కల మాస్టారు. శకుంతలగారు పుట్టింది మద్రాసు, మెట్టింది నెల్లూరు. భోజనాల బల్ల మీద ఒక పక్క ఈనెలు తియ్యాల్సిన చిక్కుడుకాయలు, ఇంకో పక్క ఫ్రేములోంచి ఊడదీసిన పాత ఫొటో.)

శకుంతల: భూతద్దం పెట్టుకుని కిటికీ ఎండలో కూర్చున్నారు. మా తాతయ్యని కాల్చేస్తారా ఏంది?

రామలింగం: కాల్చను, తేలుస్తాను. పెళ్లయిన నాటి నుంచీ వింటున్నా. పప్పులో ఉప్పు తక్కువైందంటే, "మా తాతయ్యకి మౌంట్ రోడ్డులో కొట్టుండేది." స్కూటర్ కొందామంటే కొట్టు. మా చెల్లెలి పెళ్లిలో వియ్యాలవారి ముందు కూడా కొట్టు. ఏం కొట్టమ్మా అంటే చెప్పవు. ఆధారం ఏదంటే ఈ ఫొటో. తాతయ్య, వెనక ట్రాం, ఆ వెనక గడియారం ఉన్న గోపురం. ఇది మౌంట్ రోడ్డు కాదని తేల్చానంటే నా రిటైర్మెంటు సార్థకం.

శకుంతల: ట్రాం కనపడుతుంటే ఇంకా తేల్చేదేంది? మౌంట్ రోడ్డులో ట్రాం పోయేది కాదా?

రామలింగం: పోయేది. ప్యారీస్ కార్నర్‌కీ పోయేది, రాయపురానికీ పోయేది, పురసవాక్కానికీ పోయేది. ట్రాం పోయిన ప్రతి వీధిలోనూ మీ తాతయ్యకి కొట్టుందా? 1895 మే 7న మొదలైంది. దేశంలో కరెంటు ట్రాం మొదట నడిచింది మద్రాసులోనే. కలకత్తాకి 1902 దాకా రాలేదు, అప్పటివరకూ గుర్రాలే లాగాయి.

శకుంతల: చూశారా మా ఊరు!

రామలింగం: మీ ఊరిని నేనేమీ అనట్లేదు. కొట్టుని అంటున్నా. ముందు కాలం తేలాలి. మొదట్లో ట్రాంకి నెత్తి మీద తీగ ఉండేది కాదు. రెండు పట్టాల మధ్య రోడ్డులోనే ఒక గాడి. కరెంటు ఆ గాడి కింద నుంచి వచ్చేది.

శకుంతల: మద్రాసు వానకి గాడిలో కరెంటా? ఎవరికొచ్చింది ఆ తెలివి?

రామలింగం: దొరలకి. వాన కొట్టిందంటే గాడి నిండా నీళ్లు, బురద. కొన్నేళ్లు తంటాలు పడి, చివరికి స్తంభాలు పాతి పైన తీగలు లాగారు. ఇదుగో, ఈ ఫొటోలో పైన తీగ ఉంది. రోడ్డులో గాడి లేదు. కాబట్టి తొలినాళ్లది కాదు.

శకుంతల: తొలినాళ్లకి మా తాతయ్యకి మీసాలే రాలేదు. నన్నడిగితే భూతద్దం లేకుండా చెప్పేదాన్ని.

రామలింగం: సరే, ఇది చెప్పు. మౌంట్ రోడ్డయితే ఎల్లైసీ బిల్డింగు ఏది? పద్నాలుగు అంతస్తులు. మద్రాసులో ఎక్కడ నిలబడినా కనపడేది.

శకుంతల: ఇందుకా నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పారు? ఎల్లైసీ కట్టింది 1959లో, నేను పుట్టిన ఏడు. మా నాన్న నా వయసు చెప్పాలన్నా ఆ బిల్డింగునే చూపించేవాడు. ట్రాం ఆగిపోయింది 1953 ఏప్రిల్లో. పొట్టి శ్రీరాములుగారు డిసెంబరులో పోయారు, ఏప్రిల్లో ట్రాం పోయింది, అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మా అమ్మ ఇదే వరసలో చెప్పేది. ట్రామూ ఎల్లైసీ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

రామలింగం: (సర్దుకుని) నిన్ను పరీక్షించా.

శకుంతల: నేను పాసయ్యా. మీ సంగతి చూసుకోండి. ఆ గడియారం పీ ఆర్ అండ్ సన్స్ వాళ్లది. మౌంట్ రోడ్డే.

రామలింగం: కాదు. వాళ్ల గోపురం ఇంత లావుగా ఉండదు. ఇది తెల్లటి పెద్ద మేడ, మధ్యలో గోపురం, గోపురానికి గడియారం. చూడగానే రిప్పన్ బిల్డింగు అనిపిస్తుంది. నేనూ ముందు అదే అనుకున్నా.

శకుంతల: మరి అదే అయ్యుంటుంది.

రామలింగం: అవదు. మద్రాసులో చదివేటప్పుడు రోజూ ఆ రోడ్డు మీదే నడిచా. ఎదురుగా నిలబడితే రిప్పన్ బిల్డింగుకి కుడి పక్కన విక్టోరియా హాలు, ఇంకా కుడికి పోతే సెంట్రల్ స్టేషను. ఈ ఫొటోలో హాలు లాంటిది ఎడమ పక్కనుంది. కట్టడాలు అటూ ఇటూ మారవుగా? పైగా ట్రాం చూడు, ఎడ్లబండి చూడు, అన్నీ రోడ్డుకి కుడి పక్కనే పోతున్నాయి. మన దేశంలో ఎడమ పక్కన పోవాలా?

శకుంతల: పోవాలి. నెల్లూరులో ఎవరూ పోరు.

రామలింగం: అందుకని ఇది మౌంట్ రోడ్డు కాదు. మద్రాసే కాదు.

శకుంతల: మరి?

రామలింగం: కలకత్తా అనుకున్నా...

శకుంతల: వెనకాల ట్రాం దిగుతున్న ఆవిడ జడ చూడండి. జడకి మూర మల్లెపూలు. కలకత్తాలో ఆ పూలు ఎవరు పెట్టుకుంటారు? పైగా కలకత్తాలో కూడా ఎడమ పక్కేగా పోవాల్సింది?

రామలింగం: అందుకే కలకత్తా కొట్టేశా. ఇది రంగూన్.

శకుంతల: రంగూనా!

రామలింగం: బర్మాలో బళ్లు కుడి పక్కన పోతాయి. రంగూన్‌లోనూ ట్రాములుండేవి. మనవాళ్లు కాకినాడ పక్క కోరంగి రేవులో ఓడెక్కి బర్మా పోయేవాళ్లు. అందుకే అక్కడివాళ్లు తెలుగువాళ్లని కోరంగీలనేవాళ్లు. కాబట్టి మల్లెపూలావిడ తెలుగావిడ. ఇంకా అనుమానముంటే ఇదుగో, ఈ బోర్డు. అక్షరాలు మసకగా ఉన్నా గుండ్రంగా ఎట్టా ఉన్నాయో చూడు. బర్మా లిపి! తెలుగు కాదు, అరవం కాదు. చదవడానికి రావట్లేదు.

శకుంతల: మా తాతయ్య ఎన్నూరు దాటి ఎరగడు. సముద్రపు గాలి పడదని బీచికి కూడా మఫ్లర్ కట్టుకుని వెళ్లేవాడు. రంగూన్ పోయాడా?

రామలింగం: మీకు చెప్పకుండా పోయుంటాడు. అక్కడింకో కాపురం...

శకుంతల: (చిక్కుడుకాయ చూపించి) ఆ మాట ఇంకోసారి అనండి. ఉండండి, ఫోన్లో చూస్తా. (చూస్తుంది) ఇదుగో, బర్మా కుడి పక్కకి మారింది 1970లో. అంతకు ముందు అక్కడా ఎడమే. రంగూన్ ట్రాం, మీ లెక్కా రెండూ మునిగాయి.

రామలింగం: (కళ్లజోడు తీసి తుడుచుకుంటూ) మరయితే ఈ ఫొటో ఎక్కడిది? పారిసా?

శకుంతల: అవును, మా తాతయ్య పంచెకట్టుతో పారిస్ పోయాడు. ఇటివ్వండి. (ఫొటో తీసుకుని చూస్తుంది. చూస్తూ చూస్తూ చిక్కుడుకాయ కింద పెడుతుంది.) ఏమండీ.

రామలింగం: చెప్పు.

శకుంతల: ఈయన ఉత్తరీయం ఏ భుజం మీదుంది?

రామలింగం: కుడి భుజం మీద.

శకుంతల: కుడి భుజం మీద వేసుకుని ఫొటో దిగుతాడా ఎవరైనా? అపసవ్యంగా? ఆ రోజు తద్దినం పెట్టి, పిండాలు పక్కన పెట్టి, మధ్యలో లేచొచ్చి ట్రాం ఎక్కాడా?

రామలింగం: ...

శకుంతల: కోటు గుండీలు కూడా చూడండి. ఆడవాళ్ల జాకెట్టుకి ఉన్నట్టున్నాయి. మా తాతయ్య ఇట్టాంటి కోటు కుట్టించాడంటే దర్జీని ఊళ్లోంచి తరిమేసుండేవాడు.

రామలింగం: (లేచి నిలబడి) శకుంతలా! ఫొటో తిరగేసి కడిగారు!

శకుంతల: అసలు ఫొటో చెదలు పట్టిందని, మా నాన్న నెగెటివ్ పట్టుకెళ్లి స్టూడియోలో మళ్లీ వేయించాడు. ఆ స్టూడియోవాడు నెగెటివ్‌ని ఇటుది అటు పెట్టుంటాడు. ఇన్నాళ్లూ ఈ బొమ్మకే దండ వేసి దణ్ణం పెట్టామా!

రామలింగం: అద్దం! అద్దం పట్రా!

(ఇద్దరూ హాల్లో బీరువా అద్దం దగ్గరికి వెళ్తారు. ఫొటో అద్దానికి ఎదురుగా పట్టుకుంటాడు. అద్దం నిండా శకుంతలగారి స్టిక్కర్ బొట్లు. సరిగ్గా గోపురం గడియారం కనపడాల్సిన చోట మెరూన్ రంగు బొట్టు.)

రామలింగం: ఈ బొట్టు తియ్యి.

శకుంతల: మీరే కొంచెం పక్కకి జరగండి. అది కొత్తది, ఇంకా రెండు రోజులొస్తుంది.

రామలింగం: చరిత్ర తేలుతుంటే బొట్టంటావేంది? (గోటితో గీకి తీస్తాడు. బొట్టు ఆయన వేలికి అంటుకుంటుంది. అద్దం మీద జిగురు మరక మిగులుతుంది. ఆ మరకని పంచె కొంగుతో రుద్దుతాడు.) ఆఁ! చూడు. రిప్పన్ బిల్డింగు! కుడి పక్కన విక్టోరియా హాలు. ట్రాం ఎడమ పక్కకొచ్చేసింది. ఎడ్లబండీ వచ్చేసింది.

శకుంతల: ఉత్తరీయం ఎడమ భుజం మీదకొచ్చింది. (రెండు చేతులూ జోడించి) ఇప్పుడు మా తాతయ్యలా ఉన్నాడు.

రామలింగం: బర్మా బోర్డు కూడా చదువు, ఏం రాసుందో.

శకుంతల: (ముందుకి వంగి) "కాఫీ." తెలుగు.

రామలింగం: (దగ్గి) గుండ్రంగానే ఉందిగా. నేను అన్నది అదే.

శకుంతల: మీరన్నది అక్కడింకో కాపురం అని.

రామలింగం: ఆ సంగతి వదిలెయ్. గడియారం చూడు. ఇందాక ఫొటోలో మూడూ పదయింది. అద్దంలో ఎనిమిదీ యాభై. పన్నెండులోంచి మూడూ పది తీస్తే ఎనిమిదీ యాభై. లెక్క సరిపోయింది.

శకుంతల: మూడూ పదికి ఈయన రోడ్డు మీదుండడమేంటని చిన్నప్పటి నుంచీ నా అనుమానం. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే నాలుగున్నరకి కాఫీ వాసనకి లేచేవాడు.

రామలింగం: ఎండ కూడా కలిసింది. మనం ఉత్తరం వైపు చూస్తున్నాం. అద్దంలో నీడలన్నీ ఎడమకి పడుతున్నాయి, అంటే పడమటికి. సూర్యుడు తూర్పునున్నాడు. పొద్దుటి పూట. ఇక కాలం కూడా చెప్పేస్తా. రిప్పన్ బిల్డింగు పూర్తయింది 1913లో, ట్రాం ఆగింది 1953లో. ఆ మధ్యది. చోటు, పూనమల్లి హైరోడ్డు. (గట్టిగా ఊపిరి పీల్చి) మౌంట్ రోడ్డు కాదు! శకుంతలా, మౌంట్ రోడ్డు కాదు! కొట్టు లేదు! వెనకున్నది కార్పొరేషన్ ఆఫీసు. దాని ముందు ఎవరైనా కొట్టు పెట్టుకోనిస్తారా?

(శకుంతలగారు ఏమీ అనరు. మళ్లీ బల్ల దగ్గరికొచ్చి చిక్కుడుకాయ ఈనె తీస్తారు. రామలింగంగారికి ఆ మౌనం నచ్చదు. పెళ్లయినప్పటి నుంచీ ఆ మౌనం తర్వాత ఆయన గెలిచింది లేదు.)

శకుంతల: ఏమండీ, విక్టోరియా హాలుకి అవతల, సెంట్రల్ స్టేషనుకి ఇవతల అప్పట్లో ఏముండేది?

రామలింగం: ఖాళీ.

శకుంతల: రోజూ ఆ రోడ్డునే నడిచానన్నారు.

రామలింగం: (నసుగుతూ) ఏదో... మార్కెట్.

శకుంతల: పేరు?

రామలింగం: మూర్ మార్కెట్.

శకుంతల: మూర్ మార్కెట్! మీరు పాత లెక్కల పుస్తకాలు కొనుక్కున్నది అక్కడే కదా? పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, పింగాణీ, చిలకలు, పావురాలు, దొరకనిది లేదు. లోపలన్నీ వరసగా కొట్లు.

రామలింగం: ఉంటే?

శకుంతల: పొద్దున తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. మా తాతయ్య ట్రాం దిగాడు. ఎటు పోతున్నాడు?

రామలింగం: ఆఫీసుకి. ఎనిమిదీ యాభై ఆఫీసు టైము.

శకుంతల: కొట్టు తెరిచే టైము కూడా అదే. కోటు జేబులో ఆ ఉబ్బు ఏంది?

రామలింగం: పొడుం డబ్బీ.

శకుంతల: తాళాలు.

రామలింగం: పొడుం డబ్బీ శకుంతలా! గుండ్రంగా ఉంది!

శకుంతల: ఇందాక గుండ్రంగా ఉన్నవన్నీ బర్మా అన్నారు.

రామలింగం: సరే, మూర్ మార్కెట్ అనే అనుకుందాం. కొట్టుంటే కాగితం ఉండాలి, అద్దె రసీదుండాలి, బోర్డుండాలి. పోనీ మద్రాసు వెళ్లి అడుగుదామా? ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇప్పుడక్కడ లోకల్ రైళ్ల స్టేషను. ఏ కొట్టు ఎవరిదో చెప్పేవాళ్లు ఎవరున్నారు?

శకుంతల: కాలిపోయింది.

రామలింగం: బూడిదయింది.

శకుంతల: మరి నలభై ఏళ్ల నుంచీ కొట్టేది, కొట్టేది అని నన్ను పీక్కుతిన్నారే! కాలిపోతే ఎట్టా కనపడుతుంది?

రామలింగం: అది కాదు, నేననేది...

శకుంతల: (అప్పటికే ఫోను చెవి దగ్గర) హలో, ఒసే, నేనే. కొట్టు దొరికిందే! ఆఁ, తాతయ్యదే. మూర్ మార్కెట్‌లో. అవునే, నిప్పంటుకుని పోయిందిగా, అందులోనే. కాదే, మౌంట్ రోడ్డు కాదు. మౌంట్ రోడ్డు, మౌంట్ రోడ్డు అని మీ బావే ఇన్నాళ్లూ మనల్ని తికమక పెట్టాడు.

రామలింగం: నేనా!

శకుంతల: (ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి) ఆ వేలికున్న బొట్టు జాగ్రత్తగా తెచ్చి మళ్లీ అద్దానికి అంటించండి.