సిస్టాలిక్ మర్మర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గుండె ముడుచుకునే వేళ లేచే అదనపు చప్పుడు తమరు. మధ్యాహ్నం రౌండ్స్‌లో అపెక్స్ (గుండె కొన) దగ్గర వినబడి, కేస్ షీట్‌లో దర్జాగా 'మైట్రల్ రిగర్జిటేషన్' (మైట్రల్ వాల్వ్ లీకు) అని రాయించుకున్నారు. సాయంత్రం ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్) చూస్తే మైట్రల్ వాల్వ్ శుభ్రంగా ఉంది. సున్నం పట్టి బిగుసుకుపోయింది అయోర్టిక్ వాల్వ్. మాకు పూట దండగ, తమరికి చీమ కుట్టినట్టైనా లేదు.

తమరి బంధువులతో మాకు పేచీ లేదు. గుండె కుడివైపుండే ట్రైకస్పిడ్ వాల్వ్ లీకు మర్యాదస్తురాలు, ఊపిరి పీల్చమనగానే గట్టిగా పలుకుతుంది. వీఎస్‌డీ (గుండె కింది గదుల మధ్య గోడకు చిల్లు) రంధ్రం చిన్నదైనా రంకె పెద్దది, స్టెర్నమ్ (రొమ్ము ఎముక) ఎడమ అంచున చెయ్యి పెడితే థ్రిల్ (అదురు) కూడా తగులుతుంది. హెచ్‌ఓసీఎం (గుండె కండరం మందమై రక్తానికి అడ్డుపడే జబ్బు) గారు నిలబెడితే అరుస్తారు, గొంతుక్కూర్చోబెడితే తగ్గుతారు. పెంకితనమే గానీ అందులో ఒక పద్ధతుంది.

గొడవంతా అయోర్టిక్ స్టెనోసిస్ (అయోర్టిక్ వాల్వ్ ఇరుకవడం)లో తమరు వేసే వేషంతోనే. కుడివైపు రెండో పక్కటెముక సందులో గరుగ్గా పలికి మెడ ధమనులైన కెరోటిడ్‌లకు ఎక్కాలన్నది ఒప్పందం. పెద్ద వయసు పేషెంటు దొరికితే చాలు, గరుకంతా పైనే వదిలేసి, పావురం కూసినట్టు సన్నటి రాగంతో అపెక్స్‌లో తేలతారు. ఈ దొంగాటను ఫ్రెంచి వైద్యుడు గల్లావర్డాన్ 1925లోనే బయటపెట్టాడు. అయినా సిగ్గు లేదు!

సరే, మేమూ స్టెత్‌ను రెండో సందు నుంచి అపెక్స్ దాకా అంగుళం అంగుళం జరుపుతాం. మైట్రల్ లీకులా తమరు సాధారణంగా చంకలోకి పోరు. ఎస్1 (గుండె మొదటి చప్పుడు) తర్వాత కాస్త ఆగి మొదలై, ఎస్2 (రెండో చప్పుడు) కంటే ముందే ఆగుతారు. ఎక్టోపిక్ (వేళకు ముందే వచ్చే బీట్) పడ్డాక వచ్చే పొడుగు విరామం కోసం కాచుకుంటాం (ఏఎఫ్, అంటే గుండె లయ తప్పే జబ్బు, ఉంటే అది అడక్కుండానే దొరుకుతుంది). ఆ తర్వాతి బీట్‌లో గొంతు పెరిగితే అయోర్టిక్, పెద్దగా మారకపోతే మైట్రల్. అర నిమిషం పిడికిలి బిగించమంటే మైట్రల్ లీకు పెరుగుతుంది, తమరు తగ్గుతారు. ఈ జబ్బులో పల్స్ నిదానంగా లేస్తుందిగా అంటారా? ముసలివాళ్ల ధమనులు గట్టిపడి ఆ సాక్ష్యాన్నీ చెరిపేస్తాయి. ఇక ఆ వార్డు ఫ్యాను మోత సంగతి ఎత్తకపోవడమే మేలు.

ఇవన్నీ భరిస్తాం. భరించలేనిది ఒక్కటే. జబ్బు ముదిరి, ఎడమ జఠరిక చేతులెత్తేసే వేళకి నీ గొంతు తగ్గిపోతుందే, అది. ఆరు మార్కుల గ్రేడింగులో రెండో మెట్టున ముసుగు తన్ని పడుకుంటావా? 'మెత్తగా ఉంది, పర్లేదు' అని ఇంటికి పంపితే, మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడేది పేషెంటు. నువ్వు కాదు! ఇకపై నీ గొంతు పెద్దదా చిన్నదా అని చూడం. నీ చప్పుడు శిఖరం ఎస్2 వైపు ఆలస్యంగా జరిగినా, ఎస్2లో అయోర్టిక్ వాల్వ్ మూసుకునే చప్పుడు మాయమైనా, అదే రోజు ఎకోకి పంపిస్తాం.