పాఠాలు చెప్పకుండా పరీక్షలు పెట్టే ఈ సెమిస్టర్లు ఎవరి కోసం?

ఇప్పుడే మా తమ్ముడి క్లాసు వాట్సాప్ గ్రూపులో నోటీసు పడింది. ఫస్ట్ సెమిస్టర్ ఎగ్జామ్ ఫీజు కట్టడానికి చివరి తేదీ, అది దాటితే లేట్ ఫీజు, కిందే ప్రాక్టికల్స్ తేదీలు. ముందు చెప్పిన తేదీలకంటే ఇంకా తొందరగా పరీక్షలు పెడుతున్నారు. వాడు గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. కెమిస్ట్రీలో నాలుగు యూనిట్లుంటే రెండోది ఇంకా సగంలో ఉంది. బోటనీకి లెక్చరర్ వచ్చిందే దసరా సెలవుల తర్వాత. "మిగతాది మీరే చదువుకోండి, ఇంపార్టెంట్ క్వశ్చన్లు గ్రూపులో పెడతాను" అన్నారట. అదంతా మామూలు విషయంలా చెప్పేసి వాడు అన్నం తినడానికి వెళ్లిపోయాడు. డిగ్రీలో అడుగుపెట్టి నాలుగు నెలలు కాని పిల్లాడు కాలేజీ అంటే ఇంతేలే అనుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండుతున్నది అందుకే.

డిగ్రీ చదువులకి క్రెడిట్ల పద్ధతి (సీబీసీఎస్) ఎలా ఉండాలో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. సెమిస్టర్ అంటే 15 నుంచి 18 వారాలు, 90 రోజులు నిజంగా పాఠం జరగాలి. సబ్జెక్టుకి ఎంత బోధన జరగాలో క్రెడిట్లలో లెక్కిస్తారు: వారానికి ఒక గంట క్లాసుకి ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒక క్రెడిట్. మా వాడి కెమిస్ట్రీకి థియరీ 4 క్రెడిట్లు, అంటే 15 వారాలకి 60 గంటలు. ప్రాక్టికల్‌కి 1 క్రెడిట్, అంటే ల్యాబ్‌లో 30 గంటలు. వీళ్లకి అందులో సగమైనా దక్కలేదు. కానీ రేపు మార్కుల మెమో మీద క్రెడిట్లు మాత్రం పూర్తిగా పడతాయి. చెప్పని పాఠం చెప్పినట్టు ముద్ర వేసి పిల్లల చేతికి ఇస్తున్నారు. దీన్ని మోసం అనకపోతే ఇంకేమంటారు?

ఇక ల్యాబ్ సంగతి చెప్తే మీకూ కడుపు రగులుతుంది. ఫస్ట్ సెమిస్టర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ అంటే సాల్ట్ అనాలిసిస్, ఇచ్చిన లవణంలో ఏముందో పరీక్షించి కనుక్కోవడం. నైట్రేట్ ఉందో లేదో తెలుసుకోవడానికి బ్రౌన్ రింగ్ టెస్ట్ చేస్తారు. సాల్ట్ ద్రావణంలో అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ వేసి, టెస్ట్ ట్యూబ్ గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నెమ్మదిగా జారవిడిస్తే, రెండు ద్రవాలు కలిసే చోట గోధుమ రంగు ఉంగరం ఏర్పడుతుంది. అది మొదటిసారి కళ్లారా చూసిన పిల్లలు ఎలా కేరింతలు కొడతారో ఆ ల్యాబ్‌లో నిలబడ్డ వాళ్లందరికీ తెలుసు. మా తమ్ముడు ఆ ఉంగరం చూడలేదు. కానీ వాడి రికార్డులో మాత్రం "గోధుమ రంగు వలయం ఏర్పడినది" అని అందమైన చేతిరాతతో ఉంది. సీనియర్ రికార్డు చూసి రాత్రంతా కూర్చుని దించాడు. దించమని చెప్పింది కాలేజీయే. సైన్స్ చదవడానికి వెళ్లిన పిల్లాడికి, చూడనిది చూశానని రాసి సంతకం చేయించుకోవడం మొదటి పాఠంగా నేర్పారు.

ఎందుకిలా అంటే ఎవరి కారణం వాళ్లకి ఉంటుంది. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లన్నీ దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా విడతలు విడతలుగా జరుగుతాయి. మొదటి విడత, రెండో విడత, మూడో విడత, ఆ తర్వాత స్పెషల్ ఫేజ్. ఇంజినీరింగ్ సీటు కోసం ఎదురుచూసి, అది రాక డిగ్రీకి వచ్చేవాళ్లు చివర్లో చేరతారు. మా వాడూ అలాగే చేరాడు. చేరేది ఆలస్యం అని తెలిసినప్పుడు ముగింపు కూడా వెనక్కి జరపాలి కదా? జరపరు. మొదలు మాత్రం ఎంత వెనక్కి పోయినా ఫర్వాలేదట. గెస్ట్ లెక్చరర్లకి ఏటా మళ్లీ మళ్లీ నియామకం, ఆ ఆర్డర్లు వచ్చేదాకా పీరియడ్లు ఖాళీ. పీరియడ్ లెక్కన డబ్బు తీసుకునే ఆ గెస్ట్ మేడమ్‌ని నేనొక్క మాట అనను. సెలవుల్లో జీతం లేకుండా ఇంట్లో కూర్చుని, పిలిచినప్పుడు పరుగెత్తి వచ్చి, ఉన్న రోజుల్లో ఊపిరాడకుండా చెప్తుంది ఆవిడ. మధ్యలో సీనియర్ల బ్యాక్‌లాగ్ పరీక్షలకి గదులు కావాలి. ఏ ఉద్యోగ పరీక్ష జరిగినా సెంటర్ అదే కాలేజీ. ఎన్నికలొస్తే డ్యూటీలు. ఇన్నిటికీ రోజులు దొరుకుతాయి, పాఠానికే దొరకవు.

"ఎక్స్‌ట్రా క్లాసులు పెడతాం" అంటారు. ఎప్పుడు? సాయంత్రం నాలుగు దాటాక. మా వైపు పల్లెలకి పొద్దుపోయాక బస్సు లేదు. ఆర్టీసీలో ఆడవాళ్లు టికెట్‌కి డబ్బు కట్టకుండా వెళ్లే అవకాశం ఇచ్చారు, నిజంగా ఎంతోమంది ఆడపిల్లలు ఆ బస్సు వల్లే డిగ్రీకి వస్తున్నారు, సంతోషం. కానీ ఆ బస్సు పోయాక పెట్టే క్లాసుకి వాళ్లెలా ఉంటారు? ఉండకపోతే హాజరు పోతుంది. 75 శాతం హాజరు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వం అని భయపెట్టేది కూడా వీళ్లే, హాజరు తగ్గినందుకు కండొనేషన్ ఫీజు కట్టమనేది కూడా వీళ్లే. క్లాసు పెట్టని కాలేజీకి హాజరు ఎవరు అడగాలి?

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, చదువుకునేవాడు ఎలాగైనా చదువుకుంటాడు" అని మా బంధువొకాయన అన్నాడు. ఆయన కొడుకుని లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీలో వేశాడు. అక్కడ ఒక్క రోజు క్లాసు పోతే తల్లిదండ్రులందరూ గేటు దగ్గర నిలబడతారు. గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ పిల్లల తల్లిదండ్రులు కూలికి పోతేనే పూట గడుస్తుంది, వాళ్లు గేటు దగ్గరికి రాలేరు. ఆ ధైర్యంతోనే ఇదంతా.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాఠాలు కుదించడంలో ఉన్న తొందర రిజల్ట్స్ ఇవ్వడంలో ఎందుకు ఉండదు? నా డిగ్రీ చివరి సెమిస్టర్ కూడా ఇలాగే పరుగులు పెట్టించారు. "మీకు పీజీకి ఆలస్యం కాకూడదనే" అని చెప్పారు. నమ్మాం. పరీక్షలు గబగబా పెట్టి, తర్వాత ఫలితాలు నెలల తరబడి ఆపారు. పీజీ ఎంట్రన్స్‌లో నాకు మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజుకి ఆరో సెమిస్టర్ మెమో లేదు. యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ కిటికీ దగ్గర నాన్న రోజంతా నిలబడ్డాడు, ఆ రోజు కూలి పోయింది, మెమో రాలేదు. మరుసటి ఏడు రాద్దువులే అన్నారు అందరూ. మరుసటి ఏడు ఇంట్లో పరిస్థితి మారిపోయింది, నేను ఉద్యోగంలో చేరాను. నాలుగో యూనిట్ వినకుండా రాసిన ఆ పరీక్షలు, ఎవరికి ఏం తొందర తీర్చాయో ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు.

సెమిస్టర్ పద్ధతి వద్దని నేను అనడం లేదు. 90 రోజులు అన్నారు, ఆ 90 ఇవ్వండి. అడ్మిషన్ నెల ఆలస్యమైతే పరీక్ష నెల ఆలస్యం చేయండి. అది కుదరకపోతే చెప్పిన యూనిట్ల నుంచే పేపర్ ఇవ్వండి. ఏ సబ్జెక్టులో ఎన్ని గంటలు చెప్పారో నోటీసు బోర్డు మీద పెట్టండి. హాజరు శాతం పిల్లల పేర్ల పక్కన ఎర్ర ఇంకుతో రాసి అంటిస్తారు కదా, దాని పక్కనే ఇదీ అంటించండి.

సోమవారం సెలవు పెట్టి నాన్నని తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తున్నాను. గొడవెందుకు అక్కా, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలోనే ఉన్నాయి అంటున్నాడు తమ్ముడు. వాడి భయం వాడిది, తప్పు పట్టను. అందుకే వాడి పేరు చెప్పను. బీజెడ్‌సీ ఫస్టియర్ క్లాసు మొత్తం తరఫున అడుగుతాను. మా మండలం నుంచి ఆ క్లాసులో పిల్లలున్న అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే పొద్దున పదింటికి గేటు దగ్గరికి రండి.