బొమ్మ పిల్లోడు సర్దుకున్నాడని నిజం పిల్లోడు సర్దుకోడు

తిరుపతి, చిత్తూరు టీచర్ల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. "స్పెషల్ టీచర్లకు ఇక భవిత కేంద్రాల్లో ప్రాక్టికల్స్ అక్కర్లేదు. అమెరికాలో కంప్యూటర్ పిల్లలతో 4 సార్లు, 10 నిమిషాల చొప్పున ప్రాక్టీస్ చేస్తే టీచర్ తయారు" అని మొదలవుతుంది. భవిత కేంద్రాలంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి. కింద అయిదు పాయింట్లు. చివర్లో "ప్రతి బీఈడీ విద్యార్థికీ పంపండి" అని. ఈ రంగంలో పనిచేసేవాళ్లే పంపుతున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పడం లేదు.

మొదటి పాయింటు ఆ "4 సార్లు, 10 నిమిషాలు". ఈ లెక్క సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ తయారుచేసిన టీచ్‌లైవ్ ప్రయోగాల్లోది. తెర మీద కనిపించే కంప్యూటర్ బొమ్మ పిల్లలకు టీచరు పాఠం చెప్పి చూసుకునే సిమ్యులేషన్ అది. ఆ ప్రయోగం మిడిల్ స్కూల్ లెక్కల టీచర్లతో చేశారు. మారింది ప్రశ్నలు అడిగే తీరు లాంటి ఒకటి రెండు అలవాట్లు. వాళ్లంతా అప్పటికే బడిలో పాఠాలు చెబుతున్నవాళ్లు. దాన్ని తెచ్చి, ఇంకా ఒక్క పిల్లవాణ్ణి కూడా చూడని విద్యార్థికి అంటగడితే ఎలా?

రెండోది: "ఏఐ పిల్లలే అన్నీ నేర్పుతారు, మనిషితో పనిలేదు." టీచ్‌లైవ్‌లో తెర వెనక ఒక మనిషి కూర్చుని ఆ బొమ్మ పిల్లలందరికీ గొంతు ఇస్తారు, అల్లరి ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో చూస్తారు. ఇక మనిషి అక్కర్లేదన్న మాటకు వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనమే జవాబు. అందరికీ అదే సిమ్యులేషన్ ఇచ్చారు. రెండు సెషన్ల మధ్య కొందరిని తమంతట తామే ఆలోచించుకోమన్నారు, మిగతావాళ్ల పక్కన కోచ్ కూర్చుని 5 నిమిషాలు మాట్లాడారు. బాగా మెరుగుపడింది కోచ్ దొరికినవాళ్లే. అంటే పక్కన తెలిసిన మనిషి లేకపోతే అదే తప్పు ఇంకోసారి చేసినట్టే.

మూడో పాయింటు అన్నిటికన్నా ప్రమాదం. "పిల్లవాడు అరిచినా, బల్ల బాదినా పట్టించుకోకండి. 10 నిమిషాల్లో దారికొస్తాడు. సిమ్యులేషన్‌లో రుజువైంది."

బొమ్మ సర్దుకునేది, టీచరు ఫలానా పని చేస్తే అల్లరి తగ్గించాలని ముందే అనుకుని ఉన్నారు కాబట్టి. అది పాఠం కోసం చేసుకున్న ఏర్పాటు. పిల్లల గురించి అది రుజువు చేసిందేమీ లేదు.

పిల్లవాడి అల్లరి వెనక ఎక్కువగా నాలుగు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది: మనం తనవైపు చూడాలని, పని తప్పించుకోవాలని, కావాల్సిన వస్తువు కోసం, లేదా ఆ కదలికే ఒంటికి హాయిగా ఉండి. పట్టించుకోకపోవడం పనికొచ్చేది మొదటిదానికి ఒక్కదానికే. 10 పూసలు గుచ్చమన్నారు, వాడు పళ్లెం తోసేశాడు, మీరు మొహం తిప్పుకున్నారు అనుకోండి. పూసలు గుచ్చే పని ఆగిపోయింది కదా, వాడికి కావాల్సింది అదే. రేపు పళ్లెం ముందు పెట్టగానే తోస్తాడు. అక్కడ చేయాల్సింది 10 పూసలను 3 చేయడం, "చాలు" అని చెప్పే బొమ్మ కార్డు చేతికివ్వడం, మూడూ అయ్యాక మాట తప్పకుండా విరామం ఇవ్వడం.

కారణం మొదటిదే అయినా, పట్టించుకోవడం మానేసిన తొలి రోజుల్లో అరుపు తగ్గకపోగా పెరగొచ్చు. 11వ నిమిషంలో ఓర్చుకోలేక వెళ్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, 11 నిమిషాలు అరవాలని మనమే నేర్పినట్టు. పైగా అరవకుండా పిలిచే దారి, అంటే చెయ్యి ఎత్తడమో కార్డు ఇవ్వడమో, ముందు నేర్పకుండా మొహం తిప్పుకోవడం శిక్షే అవుతుంది. తల గోడకు కొట్టుకోవడం, కొరుక్కోవడం ఏ కారణంతోనైనా సరే, చూస్తూ వదిలేయకూడదు.

ఇంకొకటి. మాటలు రాని పిల్లవాడు ఉన్నట్టుండి చెవి మీద కొట్టుకుంటుంటే ముందు చూడాల్సింది చెవిపోటు, పంటి నొప్పి, మలబద్ధకం. బొమ్మకు చెవి నొప్పి రాదు. చెవిలో చీముతో ఏడుస్తున్న బిడ్డ ముందు మొహం తిప్పుకుని కూర్చోమని ఏ నోటితో చెబుతున్నారు?

నాలుగోది, కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆటిజం అర్థమైపోతుందని. వెలుగు, చప్పుడు 10 నిమిషాలు ఎక్కువై, తీసేస్తే పోయేది ఆటిజం కాదు. అయిదోది, ఆ హెడ్‌సెట్లకు లక్షల ఖర్చు అవుతుందని. టీచ్‌లైవ్ నడిచేది పెద్ద టీవీ తెర మీద, హెడ్‌సెట్ అవసరమే లేదు.

ఇంత చెప్పినా ఒక మాట ఒప్పుకోవాలి. మనం ఇప్పుడు చేయిస్తున్న ప్రాక్టికల్స్ చాలాచోట్ల ప్రాక్టికల్సే కావు. ఎనిమిది మంది పిల్లల చుట్టూ ముప్పై మంది కూర్చుని చూస్తారు, ఒకరి రికార్డు చూసి ఇంకొకరు రాస్తారు. తొలి తప్పులు బిడ్డ మీద చేయడం కన్నా బొమ్మ మీద చేయడమే మేలు. బొమ్మ దగ్గర ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు, బిడ్డ దగ్గర కుదరదు. ఇందులో మెసేజ్ రాసినవాళ్లది తప్పు కాదు.

అయితే మన క్లాసుకు ఇంగ్లీషు బొమ్మలతో లాభం తక్కువ. కుప్పం, నగరి వైపు చాలామంది పిల్లలు ఇంట్లో తమిళం వింటారు. మన విద్యార్థికి నోట నానాల్సింది "గుడ్ జాబ్" కాదు, "ఎర్ర పూస గుచ్చినావు, బాగుంది". దానికి కంప్యూటర్ అక్కర్లేదు, క్లాసులోనే ముగ్గురు విద్యార్థులు చాలు. ఒకరు పిల్లవాడిగా నటించాలి, వారికి చీటీ ఇవ్వాలి: "పని తప్పించుకోవాలి, పని తగ్గిస్తేనే ఆగు" అని. రెండోవారు టీచరు, ఆ చీటీ చూడకూడదు. మూడోవారు ఫోన్లో టైం పెట్టి మూడు గడుల్లో రాయాలి: ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏం దొరికింది. 5 నిమిషాలు నడిపి ఆపాలి. లెక్చరర్ ఒక్క తప్పే చెప్పాలి, ఎక్కువసార్లు అది అడిగిన వెంటనే జవాబు తామే చెప్పేయడం. మనసులో అయిదు లెక్కపెట్టి ఆగమని చెప్పి, మళ్లీ అదే సీను చేయించాలి.

తర్వాత భవితకు వెళ్లాల్సిందే. హియరింగ్ ఎయిడ్ కూత పెడుతుంటే చెవిలో పెట్టే దాని అచ్చు వదులైందేమో చూడటం, నోరు కనపడకుండా పక్కన నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ పలికి ఏది వినపడలేదో పట్టుకోవడం, ఇవి తెర మీద రావు. ఫిట్స్ వచ్చిన బిడ్డను పక్కకు తిప్పి, చేతిలో తాళాలు పెట్టనీయకుండా, నోట్లో ఏమీ కుక్కనీయకుండా గడియారం చూస్తూ, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయడం కూడా అంతే.

మెసేజ్ పంపినవాళ్లు కనీసం ఆ మూడో పాయింటు తప్పని అదే గ్రూపులో రాయండి. అందులో టీచర్లే కాదు, పిల్లల అమ్మలు కూడా ఉన్నారు. ఈ రాత్రి బిడ్డ ఏడిస్తే మీ మెసేజ్ గుర్తొచ్చి మొహం తిప్పుకునేది వాళ్లే.