ఫైవ్ స్టార్ అంటే ఏమిటి? హైస్కూల్ ఫుట్‌బాల్ ర్యాంకుల్లో నమ్మదగినదెంత

అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. 2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బేలో జరిగిన డ్రాఫ్ట్‌లో జట్లన్నీ కలిసి 257 మంది ఆటగాళ్లను ఎంచుకున్నాయి. అందులో మొదటి పేరు కామ్ వార్డ్. టెనెసీ టైటన్స్ జట్టు తీసుకున్న ఈ క్వార్టర్‌బ్యాక్‌కు (బంతిని విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) హైస్కూల్లో ఉన్నప్పుడు, కుర్రాళ్లకు స్టార్లతో రేటింగ్ ఇచ్చే రిక్రూటింగ్ సంస్థలు ఒక్క స్టార్ కూడా ఇవ్వలేదు. రెండో పేరు ట్రావిస్ హంటర్. 2022లో హైస్కూల్ ముగించిన ఆటగాళ్ల కాంపోజిట్ జాబితాలో (వివిధ సంస్థల అంచనాలను కలిపి చేసేది) అతనిది దేశంలోనే మొదటి ర్యాంకు. ఇక 231వ పేరు, అంటే ఆఖరిదైన ఏడో రౌండులో పిలిచిన పేరు, క్విన్ యూయర్స్. అదే కాంపోజిట్ రేటింగులో పూర్తి 1.0000 సాధించిన అతి కొద్దిమందిలో అతనొకడు. లెక్కలోనే లేని కుర్రాడు అందరికన్నా ముందు, అగ్రస్థానంలో ఉన్న కుర్రాడు అతని వెనకే, పరిపూర్ణుడని ముద్ర వేయించుకున్న కుర్రాడు దాదాపు చివరన నిలిచిన ఆ డ్రాఫ్ట్‌ను చూపించి ఈ ర్యాంకులన్నీ వట్టివని కొట్టిపారేయడం సులభం. హంటర్‌ను ఒక్కడినే చూపించి అవి నిక్కమని వాదించడమూ అంతే సులభం. రెండు వాదనలూ తప్పే. ఎందుకు తప్పో తెలుసుకోవాలంటే ఈ ర్యాంకులు దేన్ని కొలుస్తున్నాయో ముందు చూడాలి.

అమెరికాలో 10 లక్షల మందికి పైగా విద్యార్థులు హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడతారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో పై అంచె అయిన ఎఫ్‌బీఎస్‌లో 2025 నాటికి ఉన్నవి 136 జట్లు. ఏటా వాటిలో పూర్తి స్కాలర్‌షిప్‌తో చోటు దొరికేది కొద్ది వేల మందికి మాత్రమే. ఈ వడపోతను ముందుగా ఊహించి చెప్పడమే రిక్రూటింగ్ సంస్థల పని. రైవల్స్, 247స్పోర్ట్స్, ఈఎస్‌పీఎన్, ఆన్3 అనే నాలుగు పేర్లు ఈ రంగంలో వినిపించాయి. 2025లో రైవల్స్‌ను ఆన్3 కొనేసింది. 247స్పోర్ట్స్ తన ఫైవ్ స్టార్ ఆటగాళ్ల సంఖ్యను 32 దగ్గర ఉంచుతుంది, ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఉండేవి 32 స్థానాలు. అంటే ఫైవ్ స్టార్ అని రాసిన ప్రతిసారీ ఆ సంస్థ చెబుతున్నది, ఈ అబ్బాయి మూడు నాలుగేళ్ల తర్వాత మొదటి రౌండులో ఎంపికయ్యే స్థాయివాడని. వివిధ సంస్థల అంచనాలను కలిపి లెక్కగట్టేదే కాంపోజిట్. అది దశాంశం తర్వాత నాలుగు అంకెల వరకు వెళుతుంది. పదహారేళ్ల కుర్రాడి భవిష్యత్తును పది వేలలో ఒక వంతు తేడాతో తూచగల సాధనం ఎవరి దగ్గరా లేదు. నలభయ్యో ర్యాంకుకూ అరవయ్యో ర్యాంకుకూ మధ్య కనిపించే తేడా ఆ అంకెల వల్ల పుట్టినదే తప్ప ఆట వల్ల పుట్టినది కాదు.

యూయర్స్, వార్డ్ ఇద్దరూ టెక్సస్ కుర్రాళ్లే, ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే. యూయర్స్ చదివిన సౌత్‌లేక్ క్యారల్ డాలస్ శివార్లలోని సంపన్న ప్రాంతపు బడి, రాష్ట్రంలో పేరుమోసిన ఫుట్‌బాల్ బడుల్లో ఒకటి. అక్కడి ఆట స్ప్రెడ్ పద్ధతిలో సాగుతుంది; క్వార్టర్‌బ్యాక్ ఒక్కో మ్యాచ్‌లో పదుల కొద్దీ పాసులు విసురుతాడు, కాబట్టి అతని చేతి బలం, చూపు, నిర్ణయం అన్నీ వీడియోలో కనిపిస్తాయి. వార్డ్ ఆడింది హ్యూస్టన్‌కు దక్షిణాన ఉన్న వెస్ట్ కొలంబియా అనే చిన్న ఊళ్లో. అతని బడి జట్టు వింగ్-టీ అనే పాతకాలపు పద్ధతిలో ఆడేది. అందులో క్వార్టర్‌బ్యాక్ ముఖ్యంగా చేసేది బంతిని పక్కవాడి చేతికి అందించడం. విసిరే అవకాశమే అరుదుగా వచ్చే కుర్రాడి వీడియో చూసి అతను ఎలా విసురుతాడో చెప్పడం ఏ విశ్లేషకుడి తరమూ కాదు. ఒక వేసవి క్యాంపులో అతని చేతిని కళ్లారా చూసిన కోచ్ ఎరిక్ మోరిస్, శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే కింది అంచె విశ్వవిద్యాలయంలో అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చాడు. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, ఆ తర్వాత మయామీ, చివరికి డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం. వార్డ్‌కు స్టార్లు రాకపోవడంలో అతని లోపమేమీ లేదు, నిజానికి విశ్లేషకుల లోపం కూడా తక్కువే. అతన్ని కొలిచే పరీక్షే జరగలేదు.

మన ఎంసెట్ ర్యాంకు ఎంత కఠినమైనదైనా, అందరూ ఒకే సిలబస్ చదివి, ఒకే తరహా ప్రశ్నలకు జవాబులు రాశాక వచ్చే ర్యాంకు అది. హైస్కూల్ ఫుట్‌బాల్ ర్యాంకును కూడా అలాంటిదే అనుకోవడం దగ్గరే మనలాంటి వాళ్లకు పొరపాటు మొదలవుతుంది. ఒకడు రాష్ట్రంలోకెల్లా బలమైన జట్లతో తలపడతాడు, మరొకడి ఎదురుగా ఉన్న డిఫెన్స్ లైన్‌లో (ముందు వరుసలో) సగటు బరువే డెబ్బై కిలోలు ఉండవచ్చు. ఒకడికి పదిహేడు నిండి ఉంటాయి, అదే తరగతిలోని మరొకడికి పదహారు కూడా నిండవు. ఈ వయసులో ఏడాది తేడా శరీరంలో ఎంతగా కనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

యూయర్స్ విషయంలో మరో చిక్కు ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది అదే. అతని ర్యాంకు నిజంగా తప్పిందా? టెక్సస్ విశ్వవిద్యాలయం తరఫున అతను మూడు సీజన్లు ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు, జట్టుకు 2023లో బిగ్ 12 అనే కాలేజీ లీగ్ టైటిల్ తెచ్చాడు, వరుసగా రెండు సీజన్లు కాలేజీ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. చాలా ఏళ్లపాటు తడబడిన ఒక పెద్ద జట్టును నిలబెట్టడంలో అతనికి పెద్ద పాత్ర ఉంది. కాలేజీ కోచ్ దృష్టితో చూస్తే అతని మీద పెట్టిన నమ్మకం వమ్ము కాలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి రౌండు అనే కొలబద్దతో చూస్తే ఆ అంచనా ఘోరంగా గురి తప్పింది. కాలేజీలో ఎవరు రాణిస్తారు అనేది ఒక ప్రశ్న, ఎన్‌ఎఫ్‌ఎల్ ఎవరిని కోరుకుంటుంది అనేది మరో ప్రశ్న. రెంటికీ ఒకే అంకెతో సమాధానం చెప్పి, తర్వాత ఏది నిజమైతే దాన్ని తమ ఖాతాలో వేసుకునే వీలు ఈ సంస్థలకు ఉంది. ర్యాంకులు ఎంతవరకు నమ్మదగినవని అడిగేవారు ముందు అడగవలసింది, దేని గురించి నమ్మాలి అని.

స్టార్లు లేకుండా పైకొచ్చినవాళ్ల జాబితా ఘనమైనదే. జే.జే. వాట్ టైట్ ఎండ్ అనే స్థానంలో ఆడే టూ స్టార్ ఆటగాడిగా సెంట్రల్ మిషిగన్‌లో చేరి, అక్కడి నుంచి స్కాలర్‌షిప్ లేకుండా విస్కాన్సిన్‌కు వెళ్లి, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మూడుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా నిలిచాడు. కాలిఫోర్నియాలోని ఫైర్‌బా అనే వ్యవసాయ ప్రాంతం నుంచి వచ్చిన జాష్ ఆలెన్‌కు హైస్కూల్ ముగిసేసరికి ఏ పెద్ద కాలేజీ నుంచీ పిలుపు రాలేదు. 2024 సీజన్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అతనే. ఆరన్ డోనల్డ్, పాట్రిక్ మహోమ్స్ ఇద్దరూ త్రీ స్టార్ ఆటగాళ్లే. ఏటా ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ సమయంలో రెండు జట్ల ఆటగాళ్ల పాత స్టార్లు లెక్కగట్టి, ఫైవ్ స్టార్ల కన్నా త్రీ స్టార్లే ఎక్కువని కొందరు ప్రచారం చేస్తుంటారు. ఆ లెక్క నిజమే, అందులోంచి తీసే నిర్ధారణ మాత్రం తప్పు. ఏటా ఫైవ్ స్టార్లు ముప్పై మంది చిల్లర, త్రీ స్టార్లు వెయ్యికి పైనే. మాట వరసకు, ఫైవ్ స్టార్లలో సగం మంది, త్రీ స్టార్లలో ఇరవై మందికి ఒకరు చొప్పున డ్రాఫ్ట్ అయ్యారనుకుందాం. మొదటి గుంపు నుంచి పదహారు మంది వస్తే, పదిహేను వందల మంది ఉన్న రెండో గుంపు నుంచి డెబ్బై అయిదు మంది వస్తారు. సంఖ్యలో రెండో గుంపుదే పైచేయి, అయినా ఒక్కొక్కరి అవకాశం చూస్తే మొదటి గుంపు పది రెట్లు ముందుంటుంది. ఈ రంగాన్ని గమనించేవారందరూ ఒప్పుకునే విషయం ఇదే: స్టార్లు పెరిగిన కొద్దీ డ్రాఫ్ట్ అయ్యే అవకాశం మెట్టుమెట్టుకూ స్పష్టంగా పెరుగుతుంది. జాడవియన్ క్లౌనీ 2011లో హైస్కూల్ జాబితాలోనూ మొదటివాడు, 2014 డ్రాఫ్ట్‌లోనూ మొదటివాడు. 2013లో మొదటి ర్యాంకు సాధించిన రాబర్ట్ ఎన్‌కెమ్‌డిచీ కూడా 2016లో మొదటి రౌండులోనే ఎంపికయ్యాడు, కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేకపోయాడు. గుంపు గురించి చెప్పినప్పుడు బలంగా ఉండే అంచనా, ఒక్కడి దగ్గరకు వచ్చేసరికి ఇలా పలచబడుతుంది.

జట్ల స్థాయిలో ఈ బలం ఇంకా బాగా కనిపిస్తుంది. విశ్లేషకుడు బడ్ ఎలియట్ ప్రచారంలోకి తెచ్చిన బ్లూ చిప్ నిష్పత్తి ప్రకారం, గత నాలుగేళ్లలో చేర్చుకున్న కుర్రాళ్లలో సగానికి మించి ఫోర్ స్టార్, ఫైవ్ స్టార్లు ఉన్న జట్టే జాతీయ టైటిల్ గెలవగలదు. 2011 నుంచి 2024 సీజన్ దాకా గెలిచిన ప్రతి జట్టూ, అలబామా, జార్జియా మొదలుకొని అంచు మీద ఉన్న క్లెమ్సన్, మిషిగన్ వరకు, ఈ గీతకు పైనే ఉంది. ఒక్కొక్కరి విషయంలో జరిగే తప్పులు ఇరవై అయిదు మందిని కలిపి చూసేసరికి ఒకదానినొకటి చాలావరకు సరిచేసుకుంటాయి. అయినా ప్రతిభను పోగేయగానే జట్టు తయారైపోదు. 2022లో టెక్సస్ ఏ అండ్ ఎం చేర్చుకున్న బృందానికి కాంపోజిట్ చరిత్రలోనే అత్యధిక రేటింగ్ దక్కింది. అదే ఏడాది ఆ జట్టు అయిదు గెలిచి ఏడు ఓడింది, మరుసటి ఏడాది నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించి 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి సిద్ధపడింది.

జట్ల స్థాయిలో ర్యాంకులకు ఈ బలం ఎక్కడి నుంచి వస్తోంది? అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ లాంటి జట్లు ఒక కుర్రాడికి స్కాలర్‌షిప్ ఆఫర్ ఇచ్చాక అతని రేటింగ్ పెరగడం ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతే. అందులో కొంత సబబు ఉంది. ఆ కోచ్‌లు కుర్రాణ్ణి స్వయంగా చూస్తారు, బడి కోచ్‌తో మాట్లాడతారు, మార్కుల పట్టిక అడుగుతారు, తప్పు జరిగితే ఉద్యోగం పోగొట్టుకుంటారు. వాళ్ల తీర్పును లెక్కలోకి తీసుకున్న ర్యాంకు మరింత కచ్చితంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ కచ్చితత్వం అరువు తెచ్చుకున్నది. పెద్ద జట్లు కోరుకున్నందువల్ల ర్యాంకు పెరిగి, ర్యాంకు పెద్దదైనందువల్ల పెద్ద జట్ల బృందానికి మంచి మార్కులు వచ్చి, ఆ జట్లు గెలిచాక ర్యాంకులు నిజమయ్యాయని చెప్పుకుంటే, అందులో విశ్లేషకుడి సొంత చూపు ఎంతో విడదీసి చెప్పలేం. ఈ సంస్థలకు చందాలు కట్టేది కూడా ప్రధానంగా పెద్ద జట్ల అభిమానులే. వాళ్లను సంతోషపెట్టడానికి ఎవరూ అబద్ధపు రేటింగ్ ఇవ్వనక్కర్లేదు. విశ్లేషకుల సమయం, కెమెరాలు, క్యాంపులు అన్నీ వాళ్ల చుట్టూ తిరిగితే చాలు, వెస్ట్ కొలంబియా దాకా ఎవరూ వెళ్లరు.

జాబితాలో లేకపోవడం కూడా ఒక్కోసారి సరైన సమాచారమే అవుతుందని ఇక్కడ ఒప్పుకోవాలి. 2021 ఆగస్టులో ఒహాయోలోని కాంటన్‌లో బిషప్ సికమోర్ అనే పేరుతో వచ్చిన జట్టు ఫ్లోరిడాకు చెందిన ఐఎంజీ అకాడమీ చేతిలో 58-0 తేడాతో ఓడింది. తమ దగ్గర డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో అగ్ర విభాగం) స్థాయి ఆటగాళ్లు చాలామంది ఉన్నారని ఆ జట్టు చెప్పుకుంది. ఆ పేర్లు రిక్రూటింగ్ జాబితాల్లో ఎక్కడా కనిపించడం లేదని, చెప్పిందాన్ని ధ్రువీకరించలేకపోయామని ఈఎస్‌పీఎన్ వ్యాఖ్యాతలు ప్రసారం మధ్యలోనే ప్రేక్షకులకు వెల్లడించారు. ఆ రోజు జాబితాలదే ఒప్పు.

ఇక 2025 సీజన్. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో 700కు పైగా ఓటములు మూటగట్టుకున్న ఇండియానా, బ్లూ చిప్ గీతకు ఎంతో కింద ఉండి కూడా, ఒక్క మ్యాచ్ ఓడకుండా 2026 జనవరిలో మయామీని ఓడించి జాతీయ టైటిల్ గెలిచింది. దాని క్వార్టర్‌బ్యాక్, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ విజేత ఫెర్నాండో మెండోజా, హైస్కూల్లో ఉండగా మొదట చేరతానని ఒప్పుకున్నది యేల్ విశ్వవిద్యాలయంలో. ఆ తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో (బర్కిలీ) చేరి, అక్కడి నుంచి ఇండియానాకు వచ్చాడు. కోచ్ కర్ట్ సిగ్నెటీ తాను అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచీ, ఇతర కాలేజీల నుంచీ మైదానంలో రుజువు చేసుకున్న ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారేందుకు 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఇందుకు దారి చూపింది. ఇరవై రెండేళ్లవాడి కాలేజీ ఆట కళ్లముందు ఉండగా అతని పదహారేళ్ల నాటి రేటింగ్ ఎవరికి కావాలి? ఒక్క జట్టు విజయంతో పాత సూత్రం చచ్చిపోయిందని నేను అనను. కానీ హైస్కూల్ ర్యాంకు విలువ తగ్గుతున్న ఈ సమయంలోనే దానికి కట్టే ధర పెరుగుతుండటం నన్ను కలవరపెడుతోంది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా, మొదటి ఏడాది ఒక్కో సంస్థ 2.05 కోట్ల డాలర్ల వరకు, ఆటగాళ్లకు చెల్లించవచ్చు. యూయర్స్ హైస్కూల్ చివరి ఏడాది వదిలేసి, టెక్సస్ విశ్వవిద్యాలయానికి రాకముందు ఒహాయో స్టేట్‌కు వెళ్లింది ఈ మార్పు మొదలైన వేసవిలోనే. టెక్సస్ నిబంధనల ప్రకారం బడిలో ఉంటూ ఆ డబ్బు తీసుకునే వీలు అతనికి లేకపోయింది. అభిమానులు కాలక్షేపానికి చదువుకునే అంకె ఇప్పుడు బేరసారాల్లో పెట్టే ధరగా మారింది.

డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో, అట్లాంటా శివార్లలోని ఆల్ఫారెటా, కమ్మింగ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చదివేది శుక్రవారం రాత్రి ఈ ఆట చుట్టూ తిరిగే బడుల్లోనే. వాళ్లలో ఫుట్‌బాల్ ఆడేవారు ఇప్పటికి తక్కువే అయినా, ఆ తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు కట్టి వెళ్లే ప్రతి క్యాంపూ, అక్కడ ఇచ్చే ప్రతి రేటింగూ ఒక కోచ్ తీర్పుతో సమానం కాదు. ముఖ్యంగా లైన్‌లో ఆడే పిల్లవాడికి పదహారేళ్లకు వచ్చిన అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఎందుకంటే వాళ్ల శరీరాలు కాలేజీలో చేరాక కూడా బాగా పెరగవచ్చు. పరుగు వేగం మీద ఆధారపడే స్థానాల్లో అంచనా కొంత నయం.

సంస్థలు చేయగలిగిన పని ఒకటుంది, అది పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. ప్రతి ఆటగాడి రేటింగ్ పక్కన అది ఏ తేదీన మారిందో, ఆ మార్పు కొత్త వీడియో చూశాక వచ్చిందో లేక కొత్త ఆఫర్ వచ్చాక వచ్చిందో రాయాలి. స్థానాలవారీగా, విశ్లేషకులవారీగా పదేళ్ల కిందటి తమ అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయో ఏటా ప్రకటించాలి. నాలుగు దశాంశాల బదులు, ఈ అబ్బాయి యాభై నుంచి నూట యాభై మధ్య ఎక్కడైనా ఉండవచ్చని చెప్పే ధైర్యం చేయాలి. డ్రాఫ్ట్‌ను కొలబద్దగా ఎంచుకున్నది ఆ సంస్థలే కాబట్టి, ఆ కొలబద్ద పక్కన తమ పాత జాబితాలను నిలబెట్టి చూపవలసిన బాధ్యత కూడా వాటిదే.