బోధన బాగుపడింది, బిల్లులు జతపరచడమైనది

మన యూనివర్సిటీల్లో, కాలేజీల్లో బోధన మెరుగుపడటం లేదని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. వాళ్లెవరూ యూసీ చూసి ఉండరు. యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 12-ఏ నమూనా. ఏ పనికి సొమ్ము ఇచ్చారో ఆ పనికే వాడామని సంతకం పెట్టి, స్టాంపు కొట్టి పంపే కాగితం. దాని ప్రకారం మన దేశంలో బోధన ఏటా మార్చి 31 సాయంత్రానికల్లా బాగుపడిపోతోంది. ఏప్రిల్ 1న మళ్లీ ఎలా పాడవుతోందన్నది పరిశోధించాల్సిన విషయం. దానికీ గ్రాంటు ఇస్తామంటే నేను సిద్ధం.

చరిత్ర కూడా మన పక్షానే ఉంది. అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడానికి 1987లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మొదలుపెట్టింది. 2015లో అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. ఇన్నిసార్లు బోర్డు మార్చాక కూడా లోపలేమీ మారలేదనడం అన్యాయం. నిజం చెప్పొద్దూ, నేను వెళ్లిన రిఫ్రెషర్ కోర్సులో ఒక మంచి పాఠం విన్నాను. టీ బ్రేక్‌లో. పక్క జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "నిన్నటి పాఠంలో అర్థం కానిదేదో ఒక్క ముక్క చీటీ మీద రాసివ్వమనండి మాస్టారూ, సగం పనైపోతుంది" అన్నారు. ఆ టీ షెడ్యూల్లో ఉంది గానీ ఆ మాట లేదు. అందుకే సర్టిఫికెట్‌కెక్కలేదు.

ఇక నా గ్రాంటు సంగతి. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది కదా. మా ఫస్టియర్‌లో ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలు చాలామందే ఉంటారు. మూడో పూతరేకు మొదటిదంత రుచించదని వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అదే సంగతి ఎకనామిక్స్ క్లాసులో "లా ఆఫ్ డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ" అని బోర్డు మీద రాస్తే మాత్రం బిక్కమొహాలేస్తారు. పాఠానికో పేజీ, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, జిరాక్స్ తీసి పంచుదామనుకున్నాను. ఏడాదికి ఏడు వేలు చాలు. సరిగ్గా అప్పుడే బోధనాభివృద్ధికి గ్రాంట్లిస్తామని సర్క్యులర్ వచ్చింది. ఆశకు పోయి దరఖాస్తు పెట్టాను.

ఏడు వేలు అడగకూడదట. యాభై వేలకు తక్కువైతే అది ప్రాజెక్టే కాదట. పైగా జిరాక్స్ అనే పద్దు లేదు. పరికరాలు, ప్రయాణాలు, వర్క్‌షాపు, ఇతరములు... అంతే. సరే, వర్క్‌షాపు పెడతానన్నాను. అప్పుడు ఔట్‌కమ్స్ పట్టిక నింపమన్నారు. తెలియనివారి కోసం చెబుతున్నా: ఈ సబ్జెక్టు వల్ల కలిగే ఫలితాలు నిలువుగా, మొత్తం డిగ్రీ వల్ల కలిగే ఫలితాలు అడ్డంగా రాసుకోవాలి. రెంటికీ సంబంధం గట్టిగా ఉంటే గడిలో 3, ఓ మోస్తరుగా ఉంటే 2, అంతంతమాత్రమైతే 1 వెయ్యాలి. అన్నీ 3 వేస్తే అనుమానం వస్తుందని అనుభవజ్ఞులు మధ్యమధ్యన 2లు చల్లుతారు, పులిహోరలో వేరుశనగ గుళ్లలాగ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మేము సోమలింగానికి రాబోయే మార్కుల శాతం కూడా రాసిచ్చాం.

జూలైలో మంజూరైంది. డబ్బు ఫిబ్రవరి ఆఖర్న పడింది. కిట్ సంచులకు మూడు కొటేషన్లు కావాలన్నారు. షాపాయన దయగలవాడు, మూడూ ఆయనే తెచ్చిచ్చాడు. మూడు లెటర్‌హెడ్లు, ఒకటే చేతిరాత.

"విద్యార్థి కేంద్రంగా బోధన" అనే అంశం మీద రెండు రోజుల వర్క్‌షాపు. విద్యార్థులు అడ్డం రాకుండా రెండు రోజులూ సెలవిచ్చాం. సెమినార్ హాల్లో ఫ్యాన్లు ఆపి జ్యోతి ప్రజ్వలన, తర్వాత శాలువాలు, జ్ఞాపికలు. రిసోర్స్ పర్సన్‌గారు ఉపన్యాస పద్ధతికి కాలం చెల్లిందని మూడు గంటల సేపు ఉపన్యసించారు. ఎవరూ అడ్డుపడలేదు, అందరం ఫోటోల్లో మెలకువగా కనపడే ప్రయత్నంలో ఉన్నాం. కాలేజీల నాణ్యతను తూచే సంస్థ న్యాక్ అప్పట్లో అనుబంధ కాలేజీలకు పెట్టిన 1000 మార్కుల్లో 350 బోధన, అభ్యసన, మూల్యాంకనానివే. అందుకే జియోట్యాగ్ ఫోటోలు. మేము ఏం చెప్పామో, ఎవరికి అర్థమైందో అందులో తెలియదు గానీ, ఏ అక్షాంశం మీద నిలబడి చెప్పామో దశాంశాలతో సహా తెలుస్తుంది. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ముప్పై ఎనిమిది మంది "ఎక్సలెంట్" టిక్కు పెట్టారు. ఒకాయన "గుడ్" పెట్టారు. ఆరోగ్యం బాగుందా అని కనుక్కుని ఇంకో ఫారం ఇచ్చాం.

రెండో రోజు భోజనాల వేళ హాస్టల్ కుర్రాడొకడు గుమ్మంలోంచి తొంగి చూశాడు. "సార్, ఆ తెలుగు కాగితాలిస్తానన్నారు..." అన్నాడు. ఆ కాగితాలింకా నా పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. మొహం చెల్లక, మిగిలిపోయిన కిట్ సంచి ఒకటి చేతిలో పెట్టాను. నోట్‌బుక్కు, పెన్ను ఉన్నాయందులో. మహా సంబరంగా పట్టుకెళ్లాడు.

కాగితాలు ఆ తర్వాత నా జీతంలోంచే జిరాక్స్ తీయించి పంచాను. దానికి యూసీ లేదు కనుక వాటివల్ల ఎవరైనా ఏదైనా నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారం లేదు.

మొన్న ఆడిట్ వారు వచ్చారు. శాలువాలు పాసయ్యాయి, జ్ఞాపికలు పాసయ్యాయి, మూడు కొటేషన్లూ పాసయ్యాయి. అభ్యంతరం ఒక్కటే వచ్చింది. కొన్న సంచులు 40, సంతకాలు 39. తేడా వచ్చిన సంచి తాలూకు రూ.350 నా నుంచి ఎందుకు వసూలు చేయరాదో వారంలోగా సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇచ్చాను.

"అయ్యా, సదరు సంచి పొరపాటున ఒక విద్యార్థికి చేరినది. ఇకముందు ఇటువంటివి జరగకుండా చూసుకోగలనని మనవి."