షేర్ షా వెండికి నెల్లూరు తరుగు

షేర్ షా సూరి ఒక పెద్ద తప్పు చేశాడు. 1540 నుంచి 1545 దాకా ఢిల్లీ ఏలి, 178 గ్రెయిన్ల (సుమారు పదకొండున్నర గ్రాముల) మేలిమి వెండితో రూపాయి కొట్టించాడే కానీ, దాన్ని నెల్లూరులో అమ్మితే తరుగెంత పోతుందో ఆలోచించలేదు.

మొన్న మా అమ్మాయి పట్టీ అతికించడానికి చిన్నబజారులో ఓ వెండి కొట్టుకెళ్లాను. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ కొంగుముడి విప్పి, నల్లబడ్డ బిళ్లొకటి బల్ల మీద పెట్టింది. అత్తగారి పెట్టెలోదట. నిండా అరబీ అక్షరాలు, ఒక అంచున మాత్రం నాగరిలో ‘శ్రీ’. దాని పక్కన సగం అరిగిన ‘సేర సాహి’, అంటే షేర్ షా పేరే. నాకు ఊపిరాడలేదు. కొట్టాయన మాత్రం తాపీగా ఆకురాయి తీసి, సరిగ్గా ఆ ‘శ్రీ’ పక్కనే రెండు గీట్లు గీకాడు.

“వెండేలే అవ్వా. కాకపోతే ఈ గీతల్లో అంతా మురికే. పదికి రెండు తరుగు పోద్ది.”

గీతలంటే కలిమా, ఇస్లాం విశ్వాస వాక్యం.

“మా అత్త దీన్ని రూపాయి అనేది నాయనా.”

“రూపాయికి ఇప్పుడేమొస్తదవ్వా?”

ఆ మాట పుట్టిందే అలాంటి బిళ్లతో అని ఆయనకెవరు చెప్పాలి? 1835 నాటి ఈస్టిండియా కంపెనీ రూపాయి తూకం సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్లలో తులమంటే పది గ్రాములే. ఈ మహానుభావులు తులానికి కూడా తరుగు తీసేశారన్నమాట!

తిక్క పనికి మనం తుగ్లక్ పేరు పెడతాం. 1330 ప్రాంతంలో ఆయన రాగి, ఇత్తడి బిళ్లల్ని వెండి టంకాలతో సమానమన్నాడు. జనం ఇళ్లలోనే దొంగ బిళ్లలు కొట్టారు. చివరికి ఖజానా తెరిచి వాటన్నిటికీ వెండి ఇచ్చాడాయన. దొంగ రాగికి నిఖార్సయిన వెండి ఇచ్చినవాడు పిచ్చోడు, నిఖార్సయిన వెండికి తరుగు కోసేవాడు సేఠ్!

మన జిల్లాకిది కొత్త కూడా కాదు. 1780లలో నెల్లూరు దగ్గర నాగలికి గుడి శిథిలం తగిలి, ముంత నిండా రోమన్ బంగారు నాణేలు దొరికితే, పాత బంగారమని అమ్మేశారు. నవాబు చేతికి చిక్కినవి ముప్పై చిల్లర. మిగతావి ఎవరి మెడలో గొలుసులయ్యాయో.

అవ్వని నేనేమీ అనను. కానీ ఆ కొట్టాయన గల్లాపెట్టెలో విక్టోరియా రాణి రూపాయి ఉంది, పసుపు కుంకుమతో. శుక్రవారం శుక్రవారం హారతిస్తాడు. అంటే పాత నాణెమేమిటో తెలుసు! తెలిసీ ఆకురాయి పెట్టాడు. సిగ్గుండక్కర్లా? ఐదొందల ఏళ్లు ఎవరూ చెరపని అక్షరాన్ని పదికి రెండు కోసం చెరిపేస్తావా?

“నేను కొంటా” అని పర్సు తీసేసరికి కుర్రాడు దాన్ని లోపలికి పట్టుకెళ్లాడు. గ్యాస్ బర్నరు బుస్సుమంది.

అవ్వ నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకుని బస్సుకి వెళ్లింది. ఆయన నా పట్టీ తూచి ఇచ్చాడు.

“మీకు తరుగు వేయలేదు సార్. తెలిసినోళ్లు కదా.”